ఇంకొన్నాళ్ళు ఆగితే ఇంకా మంచిది వస్తుంది

మా హాస్టల్లో రాత్రి భోజనాల తర్వాత జరిగే చర్చల్లో సగం ల్యాప్‌టాప్‌ల గురించే. రాబోయే ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు ఉంటాయి, ఎన్ని నానోమీటర్లు, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, అది రాగానే పాత మోడల్ ధర ఎంత తగ్గుతుంది... ఇలా పదకొండున్నర దాకా సాగుతుంది. ఇంకా మార్కెట్లోకే రాని చిప్ స్కోర్లు ఎక్కడో లీకయ్యాయని ఒకరు చెప్తారు. అవన్నీ ఉత్తుత్తివని ఇంకొకరు కొట్టిపారేస్తారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మమ్మ అనేది సరిగ్గా మాలాంటి వాళ్ళ గురించే. ఒప్పుకోవాల్సిన విషయం ఏంటంటే, ఆ చర్చల్లో అందరికంటే గట్టిగా మాట్లాడేది నేనే.

నా దగ్గర ఉన్నది అక్క వాడి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే అది పైకి లేచేలోపు కిందకెళ్ళి టీ తాగి రావచ్చు. నేను ఫస్టియర్‌లో చేరినప్పుడే నాన్న కొత్తదానికి డబ్బు పక్కన పెట్టారు. కొననిది నేనే. ఇంకో మూడు నెలల్లో కొత్త జనరేషన్ వస్తుందని మొదటిసారి ఆగాను. అది వచ్చింది. తర్వాతది దీనికంటే చాలా బాగుంటుందని విని మళ్ళీ ఆగాను. అలా ఏడాదిన్నర గడిచింది. నెలకోసారి నాన్న ఫోన్లో కొన్నావా అని అడుగుతారు, నేను ఇంకొన్నాళ్ళు ఆగితే ఇంకా మంచిది వస్తుందని చెప్తాను.

ఇలా ఉండగా కంప్యూటర్ ఆర్గనైజేషన్ క్లాసులో నా వంతు సెమినార్ వచ్చింది. టాపిక్ చార్లెస్ బాబేజ్. మనందరికీ ఆయన మొదటి యూనిట్ మొదటి పేజీలో ఒక ఫొటో, ఒక రెండు మార్కుల ప్రశ్న. కంప్యూటర్ పితామహుడు అని రాసేస్తే మార్కులు పడిపోతాయి. సరే, పది స్లైడ్లు చేసి వదిలేద్దామని చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోయేకొద్దీ ఒళ్ళు జలదరించింది. ఆయన మేధస్సుతో నాకు పోలిక లేదు. కానీ జబ్బు మాత్రం ఇద్దరిదీ ఒకటే.

బాబేజ్ 1791 డిసెంబర్ 26న లండన్‌లో పుట్టాడు. తండ్రి బెంజమిన్ బ్యాంకు వ్యాపారి, బాగా ఉన్నవాడు. 1810లో కేంబ్రిడ్జ్‌లో చేరేసరికే బాబేజ్ సొంతంగా ఎంతో గణితం చదివేసుకున్నాడు, అక్కడి పాఠాలు ఆయనకి చప్పగా అనిపించాయి. అప్పట్లో ఇంగ్లండ్‌లో కాలిక్యులస్ అంటే న్యూటన్ పద్ధతిలో అక్షరం నెత్తిన చుక్క పెట్టి రాసేవాళ్ళు. మనం ఇంటర్‌లో రాసే డీవై బై డీఎక్స్ పద్ధతి లైబ్నిట్జ్‌ది, అది యూరప్‌లో నడిచేది. యూరప్ గణితం ముందుకి వెళ్ళిపోతుంటే మనం చుక్కలు పట్టుకుని కూర్చున్నామని 1812లో బాబేజ్, ఆయన స్నేహితులు జాన్ హెర్షెల్, జార్జ్ పీకాక్ కలిసి అనలిటికల్ సొసైటీ అని ఒకటి పెట్టారు. అంటే ఇప్పటి మన క్లబ్బుల్లాంటిదే. తేడా ఏంటంటే వాళ్ళు అనుకున్నది చివరికి జరిగింది, కేంబ్రిడ్జ్ పద్ధతి మారింది.

1814లో తండ్రికి ఇష్టం లేకపోయినా జార్జియానా విట్‌మోర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. 1816లో, పాతికేళ్ళు నిండకుండానే, రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. ఇంతవరకూ ఆయన జీవితంలో యంత్రం లేదు. అది 1821లో వచ్చింది.

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, ఒక ఉద్యోగం. లెక్కలు చేసే మనిషిని కంప్యూటర్ అనేవాళ్ళు. సముద్రం మీద ఓడ ఎక్కడుందో తెలుసుకోవాలన్నా, నక్షత్రాల స్థానాలు చూడాలన్నా, ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టాలన్నా అచ్చేసిన పట్టికల పుస్తకాలే ఆధారం. ఇంటర్ ఫిజిక్స్ లెక్కలకి మనం తిరగేసే లాగరిథమ్ పట్టికలు ఆ వంశానివే. వాటిని మనుషులు చేత్తో లెక్కేసేవాళ్ళు, ఇంకొకరు ఎత్తి రాసేవాళ్ళు, ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాళ్ళు. మూడు చోట్లా తప్పులు దొర్లేవి. పంచాంగంలో తిథి తప్పు పడితే ముహూర్తం తప్పుతుంది, ఈ పట్టికల్లో అంకె తప్పు పడితే ఓడ రాళ్ళకి గుద్దుకోవచ్చు. 1821లో ఒకరోజు బాబేజ్, హెర్షెల్ కూర్చుని ఇద్దరు వేరువేరుగా చేసిన ఖగోళ పట్టికలని పోల్చి చూస్తున్నారు. తప్పు మీద తప్పు. విసుగెత్తిపోయిన బాబేజ్ ఈ లెక్కలన్నీ ఆవిరి యంత్రం చేసిపెడితే ఎంత బాగుండు అనుకున్నాడు. ఆ విసుగే ఆయన తర్వాతి యాభై ఏళ్ళ బతుకు అయింది.

ఆయన మొదట అనుకున్న యంత్రం పేరు డిఫరెన్స్ ఇంజిన్. దాని కిటుకు చాలా తేలిక. 1, 4, 9, 16, 25 అనే వర్గాలు తీసుకోండి. పక్కపక్క వాటి తేడాలు 3, 5, 7, 9. ఆ తేడాల మధ్య తేడా ఎప్పుడూ 2. ఇప్పుడు 6 వర్గం కావాలంటే గుణించక్కర్లేదు. 9కి 2 కలిపితే 11, 25కి 11 కలిపితే 36. అంతా కూడికే. కూడిక ఒక్కటి తప్పు లేకుండా చేసే పళ్ళచక్రాల వరస ఉంటే ఎంత పెద్ద పట్టికైనా పిండి మర తిప్పినట్టు తిప్పుకుంటూ పోవచ్చు. పైగా జవాబుని యంత్రమే అచ్చు కోసం సిద్ధం చేస్తుంది కాబట్టి ఎత్తి రాయడంలో వచ్చే తప్పులు కూడా ఉండవు.

1822లో చిన్న నమూనా చేసి చూపించాడు. అందరూ మెచ్చుకున్నారు. 1823లో బ్రిటిష్ ప్రభుత్వం డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆర్థిక మంత్రితో మాటల్లోనే ఒప్పందం జరిగింది, ఎంత ఇస్తారు, ఎప్పటికి పూర్తవ్వాలి అని కాగితం మీద పెట్టుకోలేదు. తర్వాత వచ్చిన గొడవల్లో చాలా వాటికి ఇదే మూలం.

జోసెఫ్ క్లెమెంట్ అనే గొప్ప పనివాడిని పెట్టుకున్నారు. యంత్రానికి దాదాపు 25,000 భాగాలు కావాలి. ఒకేలాంటి చక్రాలు వందల కొద్దీ కావాలి, కానీ ఒకేలాంటివి వరసగా తయారుచేసే పద్ధతులు అప్పటికి సరిగ్గా లేవు. ముందు ఆ భాగాలని చేసే పనిముట్లు చేయాలి, తర్వాత భాగాలు చేయాలి. అందుకే పని నెమ్మదిగా సాగింది. కానీ ఆ డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరు కాలేదు. క్లెమెంట్ వర్క్‌షాప్‌లో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ తర్వాత బ్రిటన్ మొత్తానికి మరల కొలతల ప్రమాణం ఇచ్చినవాడు.

1827 బాబేజ్‌ని విరిచేసింది. ఆ ఒక్క ఏడాదిలో తండ్రి, భార్య జార్జియానా, ఇద్దరు కొడుకులు పోయారు. పుట్టిన ఎనిమిది మంది పిల్లల్లో పెద్దవాళ్ళయింది ముగ్గురే. పనిని స్నేహితులకి అప్పగించి ఆయన యూరప్ వెళ్ళిపోయాడు. తండ్రి ఆస్తి సుమారు లక్ష పౌండ్లు వచ్చింది కాబట్టి డబ్బుకి లోటు లేదు. తిరుగుతుండగానే 1828లో కేంబ్రిడ్జ్‌లో ఒకప్పుడు న్యూటన్ కూర్చున్న గణిత ఆచార్య పదవి వచ్చింది. దాన్ని 1839 దాకా ఉంచుకున్నాడు కానీ పాఠం ఒక్కటీ చెప్పలేదు. మనసంతా యంత్రం మీదే.

1832 చివరికి క్లెమెంట్ యంత్రంలో ఏడో వంతు భాగాన్ని బిగించి ఇచ్చాడు. సుమారు 2,000 భాగాలు, ఇత్తడి, ఉక్కు. చేత్తో తిప్పితే చక్కగా పనిచేసింది. ఇప్పటికీ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. బాబేజ్ దాన్ని ఇంట్లో పెట్టుకుని శనివారం విందులకి వచ్చినవాళ్ళకి తిప్పి చూపించేవాడు. 1833లో అలా చూసిన వాళ్ళలో పదిహేడేళ్ళ అమ్మాయి ఒకతె ఉంది, ఎడా బైరన్. పెళ్ళయ్యాక ఎడా లవ్‌లేస్. ఆమె సంగతి తర్వాత చెప్తాను.

ఇక్కడ ఆగి ఒకసారి చూడండి. ఏడో వంతు పనిచేస్తోంది. డిజైన్ సరైనదని రుజువైపోయింది. మిగతా భాగాల్లో చాలా చేయడం కూడా అయిపోయింది. ఇంకా కావాల్సినవి చేసి బిగించుకుంటూ పోవడమే మిగిలింది. సరిగ్గా అప్పుడు ఆగిపోయింది.

బాబేజ్ ఇంటి పక్కనే నిప్పంటుకోని కొత్త వర్క్‌షాప్ కట్టి, క్లెమెంట్‌ని అక్కడికి మారమన్నారు. క్లెమెంట్‌కి సొంత వ్యాపారం ఉంది, మారాలంటే పరిహారం ఇవ్వమన్నాడు. ఆ రేటు బాబేజ్‌కి అన్యాయంగా అనిపించింది. 1833లో క్లెమెంట్ పని ఆపేసి మనుషుల్ని పంపేశాడు. ఆ రోజుల ఆచారం ప్రకారం ప్రభుత్వ డబ్బుతో చేసిన పనిముట్లు కూడా పనివాడికే చెందుతాయి. యంత్రం డ్రాయింగులు కూడా కొంతకాలం ఆయన దగ్గరే ఉండిపోయాయి.

డ్రాయింగులు చేతిలో లేని ఆ ఖాళీలో బాబేజ్ ఏం చేశాడు? ఊరికే కూర్చోలేదు. కొత్తగా ఆలోచించడం మొదలుపెట్టాడు. ఇప్పుడు గనక మొదటి నుంచి డిజైన్ చేస్తే ఎలా చేస్తాను అని. మన హాస్టల్ చర్చలకి మూలపురుషుడు అక్కడ పుట్టాడని నా అభిప్రాయం.

1834లో కూతురు కూడా చనిపోయింది. ఆ ఏడాదే అనలిటికల్ ఇంజిన్ ఆలోచన వచ్చింది. డిఫరెన్స్ ఇంజిన్ చేసేది ఒకటే పని, కూడికల పట్టిక. కొత్తది ఏ లెక్క చెప్తే ఆ లెక్క చేస్తుంది. అంకెలు దాచుకునే చోటుకి స్టోర్ అని పేరు పెట్టాడు, లెక్క చేసే చోటుకి మిల్ అని. ఇప్పటి మాటల్లో మెమరీ, ప్రాసెసర్. ఏం చేయాలో చెప్పడానికి చిల్లులు పొడిచిన అట్టలు. ఆ అట్టలు ఆయన ఫ్రాన్స్ నేతగాళ్ళ జాకార్డ్ మగ్గం నుంచి తీసుకున్నాడు. ధర్మవరం వైపు పట్టుచీరల మగ్గం చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మగ్గం పైన దండలా గుచ్చి వేలాడే అట్టలు, ఏ చిల్లు ఎక్కడుందో దాన్ని బట్టి ఏ పోగు లేవాలో తేలుతుంది, చీర అంచున డిజైన్ వస్తుంది. బాబేజ్ అదే అట్టలతో లెక్కలు నేయాలనుకున్నాడు. వచ్చిన జవాబుని బట్టి తర్వాత ఏ దారిలో వెళ్ళాలో యంత్రమే తేల్చుకునే ఏర్పాటు కూడా ఆలోచించాడు. అంటే మన ఇఫ్, ఎల్స్. ఇదంతా కరెంటు బల్బు కూడా లేని కాలంలో.

వేగం గురించి ఆయన పడిన తపన చదివినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. 99999కి 1 కలపండి. ఒకట్ల స్థానంలో సున్నా వేసి ఒకటి పదుల్లోకి, అక్కడ సున్నా వేసి ఒకటి వందల్లోకి, అలా చివరి దాకా ఒక్కో మెట్టు ఎక్కాలి. యంత్రంలో కూడా ఒక చక్రం తర్వాత ఇంకో చక్రం తిరగాలి. నలభై యాభై అంకెల సంఖ్య అయితే కూడిక కంటే ఈ మోసుకెళ్ళే పనికే ఎక్కువ సమయం పోతుంది. బాబేజ్ దీని మీద చాలాకాలం కుస్తీ పట్టి, ఎక్కడెక్కడ 9లు వరసగా ఉన్నాయో ముందే పసిగట్టి అన్నిటినీ ఒకే దెబ్బకి జరిపే ఏర్పాటు కనిపెట్టాడు. మనం డిజిటల్ లాజిక్‌లో క్యారీ లుక్ అహెడ్ ఆడర్ అని బట్టీ పట్టి గీసేది ఆ ఆలోచనే. ల్యాబ్‌లో అది గీస్తున్నప్పుడు ఎవడు కనిపెట్టాడ్రా బాబూ అని తిట్టుకున్నాను. ఇత్తడి చక్రాలతో ఒక మనిషి దాన్ని సాధించాడని తెలిశాక ఆ బొమ్మని వేరేగా చూడడం మొదలుపెట్టాను.

సరే, ఆలోచన గొప్పదే. మరి సగంలో ఉన్న పాత యంత్రం సంగతి? 1834లో బాబేజ్ ప్రభుత్వానికి విషయం చెప్పాడు. నా దగ్గర పాతదాన్ని మించిన కొత్త ఆలోచన ఉంది, ఇప్పుడేం చేద్దాం అన్నది ఆయన ప్రశ్న సారాంశం. ఆయన ఉద్దేశం నిజాయితీ. కానీ ప్రభుత్వం వైపు నుంచి చూడండి. పదకొండేళ్ళుగా డబ్బు పోస్తున్నారు. చేతికి వచ్చింది ఏడో వంతు. ఇప్పుడు చేసేవాడే వచ్చి దీనికంటే మంచిది తట్టిందంటున్నాడు. అలాంటప్పుడు పాతదానికి ఇంకో పౌండు ఎవరిస్తారు? ఎనిమిదేళ్ళు ఎవరూ ఔననలేదు, కాదనలేదు.

దాదాపు నూట యాభై ఏళ్ళ తర్వాత ల్యాప్‌టాప్‌ల పూర్వీకుల్లో ఒకదానికి ఇలాంటి కథే జరిగింది. 1981లో ఓస్బోర్న్ 1 అని చేత్తో మోసుకెళ్ళగలిగే కంప్యూటర్ వచ్చింది, బరువు 11 కిలోలు. విపరీతంగా అమ్ముడైంది. 1983లో దీనికంటే మంచి మోడల్ రాబోతోందన్న మాట ముందే బయటికి వచ్చింది, జనం ఉన్నదాన్ని కొనడం తగ్గించేశారు, ఆ ఏడాదే కంపెనీ దివాలా తీసింది. దివాలాకి వేరే కారణాలు కూడా ఉన్నాయంటారు, కానీ రాబోయేదాని కబురు ఉన్నదాన్ని చంపేయడాన్ని ఇప్పటికీ ఓస్బోర్న్ పేరుతోనే పిలుస్తున్నారు. నన్నడిగితే ఆ పేరు బాబేజ్‌కే దక్కాలి.

1842లో తేలిపోయింది. ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీని ప్రభుత్వం సలహా అడిగితే యంత్రం వల్ల ఉపయోగం లేదన్నాడు. పని ఆపేస్తున్నామని ఉత్తరం వచ్చింది. నవంబర్ 11న బాబేజ్ వెళ్ళి ప్రధాని రాబర్ట్ పీల్‌ని కలిశాడు. యంత్రం గురించి నచ్చజెప్పాల్సింది పోయి తనకి జరిగిన అన్యాయాల చిట్టా విప్పాడు. పీల్‌కి చిరాకేసింది. వట్టి చేతులతో బయటికి వచ్చాడు. అప్పటికి ప్రభుత్వం ఖర్చు 17,000 పౌండ్లు దాటింది. 1831లో ఒక మంచి రైలింజన్ ఖరీదు సుమారు 800 పౌండ్లు. అంటే ఇరవై రైలింజన్ల డబ్బు.

ఇక ఎడా సంగతి. బాబేజ్ 1840లో ఇటలీలోని టూరిన్ వెళ్ళి అనలిటికల్ ఇంజిన్ గురించి చెప్పాడు. అది విన్న లుయీజీ మెనబ్రేయా అనే ఇంజనీర్ ఫ్రెంచ్‌లో వ్యాసం రాశాడు. ఎడా దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, అసలు వ్యాసం కంటే దాదాపు మూడింతలు పొడవైన వివరణలు జతచేసి 1843లో అచ్చేయించింది. బెర్నూలీ సంఖ్యల్ని యంత్రం ఏ వరసలో లెక్కేస్తుందో అందులో అంచెలంచెలుగా ఉంది. లేని కంప్యూటర్‌కి రాసిన ప్రోగ్రామ్ అన్నమాట. ఈ యంత్రం అంకెలతోనే కాదు, నియమాలున్న దేనితోనైనా, సంగీతంతో కూడా పనిచేయగలదని ఊహించింది ఆమె. 1852లో 36 ఏళ్ళకే క్యాన్సర్‌తో చనిపోయింది. తన ప్రోగ్రామ్ నడవడం చూడలేదు, ఎందుకంటే నడిపే యంత్రం కట్టలేదు.

ఇక్కడ నన్ను బాగా ఇబ్బంది పెట్టిన విషయం ఒకటుంది. బాబేజ్ పనికిమాలిన కలలు కన్నాడు, ఉన్నదాంతో సరిపెట్టుకోవాల్సింది అని తీర్పు చెప్పేస్తే సెమినార్ అయిపోయేది. కానీ అది నిజం కాదు. అనలిటికల్ ఇంజిన్ మీద పనిచేసి నేర్చుకున్నదాంతో ఆయన 1846కి, 1849కి మధ్య డిఫరెన్స్ ఇంజిన్‌ని మళ్ళీ మొదటి నుంచి డిజైన్ చేశాడు. మొదటిదానికి 25,000 భాగాలు కావాలి, రెండోదానికి 8,000 చాలు. పని అదే, ఇంకా మెరుగ్గా, 31 అంకెల సంఖ్యలతో. అంటే ఆగినందుకు నిజంగానే మంచిది వచ్చింది. ప్రతిసారీ ఆయన లెక్క సరైనదే. కొత్తది ప్రతిసారీ పాతదానికంటే బాగుంది. అన్ని సరైన లెక్కలూ కలిపితే మొత్తం సున్నా. 1852లో ఆ డ్రాయింగుల్ని ప్రభుత్వానికి ఊరికే ఇస్తానన్నాడు. అప్పటి ఆర్థిక మంత్రి డిజ్రేలీ వద్దన్నాడు. అప్పటికే ఒకసారి చేతులు కాల్చుకున్నారు మరి.

ఇదే సమయంలో స్వీడన్‌లో ఇంకో కథ నడిచింది. స్టాక్‌హోమ్‌లో జార్జ్ షూట్జ్ అనే పత్రికాయన డిఫరెన్స్ ఇంజిన్ గురించి 1834లో ఒక బ్రిటిష్ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాడు. ఆయన కొడుకు ఎడ్వర్డ్ టెక్నికల్ కాలేజీ విద్యార్థి, పదహారేళ్ళ వయసులో ఇలాంటిది మనమే చేద్దామని మొదలుపెట్టాడు. వాళ్ళ దగ్గర క్లెమెంట్ లేడు, 17,000 పౌండ్లూ లేవు. అందుకని అంకెలు 15 చాలనుకున్నారు. బాబేజ్ పరిపూర్ణత కోసం పెట్టుకున్న భద్రతల్లో చాలా వదిలేశారు. 1843కి నమూనా పనిచేసింది, 1853కి పూర్తి యంత్రం తయారైంది. 1855 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. తర్వాత అమెరికాలో ఆల్బనీ నగరంలోని డడ్లీ అబ్జర్వేటరీ దాన్ని కొనుక్కుంది. అలాంటిదే ఇంకొకటి లండన్‌లోనే చేయించి, 1864లో అచ్చయిన ఇంగ్లండ్ ఆయుర్దాయ పట్టికల లెక్కలకి వాడారు. అది నాజూకైన యంత్రమే, కాస్త బతిమాలుకుంటూ వాడాల్సి వచ్చేది. అయినా పట్టిక అచ్చయింది.

ఈ వార్త విని బాబేజ్ కుళ్ళుకుని ఉంటాడని నేను అనుకున్నాను. కాదు. షూట్జ్ తండ్రీకొడుకులు లండన్ వచ్చినప్పుడు ఆయన దగ్గరుండి ప్రోత్సహించాడు, పతకం రావాలని వాదించాడు. ఆయన కొడుకు హెన్రీ ఆ యంత్రం పనితీరుని వివరించే పెద్ద పెద్ద చార్టులు గీసిపెట్టాడు. ప్రభుత్వంతో, పక్కింటివాళ్ళతో, రాయల్ సొసైటీ పెద్దలతో ఎడతెగకుండా పోట్లాడిన మనిషి, తన యంత్రానికి బదులు ఇంకొకరిది ముందుకొచ్చినప్పుడు మాత్రం పోట్లాడలేదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఈ ఒక్క చోట.

చివరి రోజుల్లో ఆయనకి వీధిలో చేతి ఆర్గాన్ తిప్పుకునేవాళ్ళంటే పడేది కాదు. ఆ గోల ఆపమని ఉద్యమమే నడిపాడు, 1864లో దాని మీద చట్టం కూడా వచ్చింది. చట్టం వచ్చాక ఆకతాయిలు కావాలని ఇంటి ముందు చేరి వాయించేవాళ్ళు. అదే ఏడాది తన జీవితం గురించి పుస్తకం వేసి, అనలిటికల్ ఇంజిన్ కడితే నిమిషానికి 60 కూడికలు, 50 అంకెల సంఖ్యలు రెండింటిని గుణించడానికి ఒక నిమిషం అని అంచనాలు రాశాడు. ఇంకా తయారే కాని ప్రాసెసర్‌కి స్కోర్లు. మనవాళ్ళు లీకులంటారు, ఆయన స్వయంగా అచ్చేశాడు. ఎనభయ్యో పడికి దగ్గరపడినా డ్రాయింగులు దిద్దుతూనే ఉన్నాడు, ఇంకా తేలికగా, ఇంకా చవగ్గా ఎలా కట్టొచ్చా అని. 1871 అక్టోబర్ 18న లండన్‌లో డోర్సెట్ స్ట్రీట్ ఇంట్లో చనిపోయాడు. పూర్తయిన యంత్రం ఒక్కటి కూడా లేదు.

హెన్రీ మన దేశంలో బెంగాల్ సైన్యంలో పనిచేసినవాడు. రిటైరయ్యాక తండ్రి అట్టేపెట్టిన భాగాలతో చిన్న చిన్న నమూనాలు బిగించి విశ్వవిద్యాలయాలకి పంపాడు. అనలిటికల్ ఇంజిన్ మిల్‌లో ఒక ముక్కని 1910లో పనిచేయించాడు. ఇక డిఫరెన్స్ ఇంజిన్ రెండో డిజైన్‌ని లండన్ సైన్స్ మ్యూజియం వాళ్ళు బాబేజ్ డ్రాయింగుల ప్రకారం, ఆయన కాలంలో సాధ్యమైన కచ్చితత్వానికి మించకుండా కట్టి చూశారు. 1991లో, ఆయన పుట్టి రెండొందల ఏళ్ళకి, అది లెక్క చేసింది. తప్పు లేకుండా. ప్రింటర్ భాగం 2002లో పూర్తయింది. అంటే ఆయన రోజుల్లో అది అసాధ్యం కానే కాదు.

సెమినార్‌లో నేను ఇదంతా చెప్పలేదు. పది నిమిషాలే ఇచ్చారు. స్లైడ్లు కూడా ల్యాబ్ కంప్యూటర్‌లోనే చేసుకున్నాను, నా దాంట్లో బ్రౌజర్, స్లైడ్లు రెండూ కలిపి తెరిస్తే బిగుసుకుపోతుంది కాబట్టి. ఆ రోజు రాత్రి కూర్చుని ఈ ఏడాదిన్నరలో నేను చేయలేకపోయినవి రాసుకున్నాను. యాప్ ప్రాజెక్టులో నా భాగం కూడా వేరే అమ్మాయి చేసింది. ఒక హ్యాకథాన్‌కి పేరిచ్చి, చివర్లో మెషీన్ లేదని మానుకున్నాను. ల్యాబ్ మూసేశాక రాయాలనుకుని రాయని ప్రోగ్రాములు లెక్కలేనన్ని. వీటిలో ఏ ఒక్కదానికీ వచ్చే ఏడాది ప్రాసెసర్ అవసరం లేదు.

మర్నాడు ఒక సీనియర్ అక్క దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళాను. వెనక మూత విప్పి చూస్తే ర్యామ్ పెట్టే చోటు ఒకటి ఖాళీగా ఉంది. ఏడాదిన్నరగా ఖాళీగానే ఉంది, నేను మూత విప్పలేదు. ఇంకో 8 జీబీ వేసి, పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టించాను. నాన్న పక్కన పెట్టిన డబ్బులో పదో వంతు కూడా అవ్వలేదు. ఇది కొత్త మెషీన్ కాదు, గేమ్స్ ఆడలేను, ఫ్యాన్ గోల అలాగే ఉంది. షూట్జ్ వాళ్ళ 15 అంకెల యంత్రం లాంటిదే. కానీ ఆండ్రాయిడ్ స్టూడియో తెరుచుకుంటోంది. టీకి వెళ్ళే టైమ్ ఇవ్వడం లేదు.

హాస్టల్లో చర్చలు ఆగలేదు, నేను మాట్లాడడమూ మానలేదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత, అంత తేలిగ్గా పోయేది కాదు. బాబేజ్‌లాంటి వాడు రాబోయేదాని గురించి కలవరించకపోతే నేను చదివే సబ్జెక్టే ఉండేది కాదేమో అని కూడా అనిపిస్తుంది. కాకపోతే ఇప్పుడు మాట్లాడుకుంటూనే పక్కన ప్రోగ్రామ్ కంపైల్‌కి పెడుతున్నాను.

ఆదివారం నాన్న ఫోన్ చేసి మామూలుగానే కొన్నావా అని అడిగారు. ఇప్పుడు కొనడం లేదని చెప్పాను. మళ్ళీ ఇంకేదో మంచిది వస్తోందా అని నవ్వారు. కాదు నాన్నా, ఉన్నది పనిచేస్తోంది అన్నాను.